పదకొండు నమస్కారాలు

జూన్ 16, సోమవారం

నాకు ఈ రోజు కుర్చీ వచ్చింది. మామూలు కుర్చీ కాదు, గిర్రున తిరిగేది. ముందు బల్ల, బల్ల మీద కంప్యూటరు. పక్కనున్న కిటికీలోంచి చూస్తే స్కూలు బస్సులు పదకొండూ వరుసగా కనిపిస్తాయి. పొద్దున ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ విజయశ్రీ మేడం టీచర్లందరి ముందూ "ఇకనుంచి లింగస్వామిగారే మన ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి అండీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. డ్రిల్లు సారు కాస్త తక్కువగా కొట్టాడు. ఈ కుర్చీ మీద ఆయనకూ ఆశ ఉందని నాకు తెలుసు.

ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఏళ్లు నిలబడి పనిచేశాను. రిటైరై ఈ దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో చేరాక నాలుగేళ్లు బస్సుల మధ్య నిలబడ్డాను. ఈ ముప్పై నాలుగేళ్లలో నా మీద ఒక్క మెమో లేదు. నా బస్సు ఫుట్‌బోర్డు మీంచి ఒక్క మనిషి జారిపడలేదు. ఆఖరివాడి కాలు లోపల పడటం నా కళ్లతో చూశాకే రైట్ రైట్ అనేవాణ్ణి, వెనకాల ఎన్ని హారన్లు మోగినా సరే. మా డిపోలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు.

మందుల షాపు జానయ్య జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉంది. ఇన్‌చార్జి అన్నాక నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవాలి కదా. ఇంటికొచ్చి మా ఆవిడ లచ్చమ్మకు కుర్చీ సంగతి చెబితే, "కండ్లు తిరిగి పడకు, జర పైలం" అంది. ఆమెకు ఏం చెప్పినా అంతే.

జూన్ 18, బుధవారం

కంప్యూటర్ టీచరు శ్రీకర్ వచ్చి వాట్సాప్‌ను నా కంప్యూటర్లో తెరిచి ఇచ్చాడు. తెర మీద గళ్ల బొమ్మ ఒకటి వస్తుంది, దానికి ఫోను చూపిస్తే చాలు, ఫోన్లో ఉన్నదంతా ఇంత పెద్ద అక్షరాలతో తెర మీదికి దిగుతుంది. తెలుగులో టైపు చేయడం కూడా చూపించాడు. త్వరగానే పట్టుకున్నాను. మూడు గంటలు పట్టిన మాట నిజమే కానీ మధ్యలో కరెంటు పోయింది.

'బస్ ఆయాలు' అని గ్రూపు పెట్టాను. బస్సుకొక ఆయా, మొత్తం పదకొండు మంది. డ్రైవర్లను చేర్చలేదు. బండి నడిపేవాడి చేతిలో ఫోను ఉండకూడదు.

ఇంతకుముందు ఎంత అవస్థ! ఫలానా పాప ఈ రోజు బస్సెక్కదు, ఫలానా బాబును మేనమామ ఇంటి దగ్గర దించండి అంటూ తల్లిదండ్రులు మధ్యాహ్నం ఫోన్లు చేస్తారు. అవన్నీ చీటీ మీద రాసుకుని, మూడింటికి బస్సు బస్సుకూ తిరిగి ఆయాలకు నోటితో చెప్పేవాణ్ణి. చెప్పింది మళ్లీ వాళ్ల నోటితో నాకు అప్పజెప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా ఒక్క మెసేజీ. మోకాళ్లకు ఎంత సుఖమో చెప్పలేను.

జూన్ 20, శుక్రవారం

రెండు రోజులుగా మెసేజీలు పంపుతున్నాను. ఎవరూ ఉలకరు, పలకరు. గోడకు చెప్పుకున్నట్టుంది. ఈ రోజు ఐదో నంబర్ బస్సు ఆయా ఒక్కతే నమస్కారం బొమ్మ పెట్టింది. రెండు చేతులు జోడించిన బొమ్మ. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది.

వెంటనే రూలు పెట్టేశాను. ఇన్‌చార్జి మెసేజీ రాగానే అందరూ నమస్కారం పెట్టాలి. పెట్టినవాళ్లు చూసినట్టు, పెట్టనివాళ్లు చూడనట్టు.

సాయంత్రానికి పదకొండు నమస్కారాలు. తెర నిండా చేతులు.

జూన్ 23, సోమవారం

పదకొండు.

జూన్ 24, మంగళవారం

పదకొండు. ఎనిమిది నిమిషాల్లో.

జూన్ 27, శుక్రవారం

మేడం నా గదికి వచ్చి నిలబడి తెర చూశారు. "ఇంతమందిని భలే క్రమశిక్షణలో పెట్టారండీ" అన్నారు. ఆర్టీసీలో నన్ను పెద్ద పెద్దవాళ్లే మెచ్చుకున్నారు కానీ ఇంగ్లీషు మీడియం ప్రిన్సిపాల్ మెచ్చుకోవడం వేరు. మేడం వెళ్లాక కుర్చీ ఒక చుట్టు తిప్పుకున్నాను. తలుపు వేసి ఉందిలే.

ఇంట్లో కూడా ఇదే సంగతి చెబుతుంటే లచ్చమ్మ, "అన్నం తింటవా అంటే నువ్వు గూడ చేతులు జోడించు, నేను సమజ్ చేసుకుంట" అంది.

జులై 1, మంగళవారం

పది మంది మూడు నిమిషాల్లో పెట్టారు. ఏడో నంబర్ బస్సు కిష్టమ్మ మాత్రం ఎప్పుడో సాయంత్రం ఐదింటికి పది నిమిషాల ముందు పెట్టింది. ఇదేం మొదటిసారి కాదు. అడిగితే, బస్సు నిండా పిల్లలుంటారు, అందరినీ దింపేశాక నిదానంగా చూస్తానంది. మిగతా పది బస్సుల్లో పిల్లలు లేరా?

మనిషి మంచిదే. చిట్యాల వైపు ఆమె, మాది మునుగోడు, దాదాపు ఒక పక్క వాళ్లమే. కానీ మంచితనం వేరు, పద్ధతి వేరు. "ఇన్‌చార్జికి నమస్కారం పెట్టడానికి కొందరికి రెండు గంటలు పడుతుంది, వాళ్లకు గౌరవం నేర్పాల్సి వస్తుంది" అని గ్రూపులో పెట్టాను. పేరు రాయలేదు. పేరు రాయకుండా చెప్పడమే పెద్దరికం.

దానికి కూడా పది నమస్కారాలు వచ్చాయి. కాసేపటికి పదకొండోది.

జులై 3, గురువారం

అందరికంటే ముందు కిష్టమ్మ పెట్టింది. మెసేజీ పోయిన అర నిమిషంలో. గట్టిగా ఒక్కసారి చెబితే ఎవరైనా మారతారు.

జులై 8, మంగళవారం

పదకొండు, రెండు నిమిషాల్లో. ఇదే రికార్డు. మొదటిది మళ్లీ కిష్టమ్మదే.

ఏడో నంబర్ డ్రైవర్ యోగేందర్ నీళ్లు పట్టుకోవడానికి వచ్చి, నేను ఈ మధ్య బస్సుల దగ్గరికి రావడం లేదని, చీటీ తాత ఏడని పిల్లలు అడుగుతున్నారని చెప్పాడు. ఇన్‌చార్జికి వంద పనులుంటాయని చెప్పి పంపాను. చీటీ తాత అని పేరు పెట్టారని నాకు ఇప్పటిదాకా తెలియదు.

జులై 10, గురువారం

హంసిక దొరికింది. బాగానే ఉంది. ఈ రోజు ఇంకేం రాయలేను.

జులై 11, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రేపు ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి.

నిన్న మధ్యాహ్నం నుంచీ వాన. మూడింటికి ఐదు నిమిషాల ముందు జ్యోతిక అనే ఆమె ఫోన్ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే చీరల షాపులో పనిచేస్తుంది. ఆమె కూతురు హంసిక రెండో తరగతి, ఏడో నంబర్ బస్సు, ఎల్‌బీ నగర్‌లో దిగుతుంది. రోజూ నానమ్మ వచ్చి తీసుకెళ్తుంది. ఆ నానమ్మకు షుగర్ పడిపోయి దవాఖానలో చేర్చారట. పాపను అక్కడ దింపవద్దు, బస్సులోనే ఉంచి స్కూలుకు తిరిగి తీసుకురండి, ఐదింటికి నేనొచ్చి తీసుకెళ్తాను అని ఆమె కోరింది.

మూడు దాటి రెండు నిమిషాలకు గ్రూపులో పెట్టాను. ఏడో నంబర్ బస్సు, హంసిక, రెండో తరగతి, ఎల్‌బీ నగర్‌లో దింపవద్దు, స్కూలుకు తిరిగి తేవాలి. ఒక్క అక్షరం తప్పు లేదు. పదకొండు నమస్కారాలూ వచ్చాయి. మొదటిది కిష్టమ్మది. ఆ తల్లికి ఫోన్ చేసి పనైపోయిందమ్మా అని చెప్పాను.

ఐదింటికి పది నిమిషాల ముందు ఏడో నంబర్ వచ్చింది. కిష్టమ్మ దిగింది, యోగేందర్ దిగాడు. ఇంకెవరూ దిగలేదు. జ్యోతిక అప్పటికే గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పాప ఏదంటే, కిష్టమ్మకు ప్రశ్నే అర్థం కాలేదు. ఎప్పటిలాగే ఎల్‌బీ నగర్‌లో దింపానంది. నానమ్మ రోజూ అక్కడి టైలర్ కొట్లో కూర్చుంటుంది. వాన పడితే ఆ ముసలామె తడవకుండా టైలరే గొడుగుతో వచ్చి పాపను అందుకుంటాడు. నిన్న కూడా ఆయనే వచ్చాడట.

మెసేజీ చూపించాను. ఆమె పెట్టిన నమస్కారమూ చూపించాను. కిష్టమ్మ ముఖం తెల్లబోయింది.

టైలర్ ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. వానకు రోడ్డంతా బండ్లు ఆగిపోయాయి. మెట్రో ఎక్కాం, నేనూ ఆ తల్లీ. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్‌బీ నగర్. మూడే స్టేషన్లు. దారి పొడుగునా ఏం భయం లేదమ్మా, పాపకు ఏం కాదమ్మా అంటూనే ఉన్నాను. ఆమె ఒకే ఒక్క మాట అంది. "సార్, మీరు పనైపోయిందన్నరు."

హంసిక టైలర్ కొట్లో గుడ్డల మూట మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. టైలర్ భానుమూర్తి వానకు గిరాకీ లేకపోయినా కొట్టు కట్టకుండా కూర్చున్నాడు. "వాళ్ల మామ్మగారు వస్తారు కదా అని చూస్తున్నామండీ, పాప బిస్కట్లు తింది" అన్నాడు. ఆ తల్లి బిడ్డను ఎత్తుకుంది. నేను అక్కడే కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఎవరి ముందూ ఏడ్చినవాణ్ణి కాదు.

ఈ రోజు మేడం పిలిచారు. యాజమాన్యం కోపంగా ఉంది. సోమవారానికి రిపోర్టు కావాలి, అందులో తప్పు ఎవరిదో పేరు ఉండాలి, ఆ మనిషిని తీసేస్తారు. మేడం కిష్టమ్మ పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

జులై 12, శనివారం

సెలవు. ఇంట్లో కూర్చుని రిపోర్టు రాశాను. రెండు పేజీలు. మెసేజీ పోయిన నిమిషం, నమస్కారం వచ్చిన నిమిషం, అన్నీ వేశాను. శ్రీకర్ నిన్ననే తెరను ప్రింటు తీసి ఇచ్చాడు, అదీ జత చేశాను. ఇంత పక్కా రిపోర్టు ఆ స్కూల్లో ఎవరూ రాసి ఉండరు.

నా తప్పేమీ లేదు.

కిష్టమ్మ సంజాయిషీ కూడా ఉంటే బాగుంటుంది. ఆమెకు ఇబ్బంది లేకుండా నేనే రెండు వాక్యాలు రాశాను. సంతకం పెడితే చాలు. రేపు వెళ్తాను.

జులై 13, ఆదివారం, పొద్దున

నా తప్పేమీ లేదు. మెసేజీలో ఒక్క అక్షరం తప్పు లేదు.

జులై 13, సాయంత్రం

ఎల్‌బీ నగర్‌లో కిష్టమ్మది ఒంటి గది. మొగుడు పోయి ఆరేళ్లయింది, కూతురు డిగ్రీ చదువుతోంది. అవన్నీ నాకు తెలియనివి కావు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, తను గడప పక్కన నిలబడింది. కాగితం ఇచ్చాను. 'మెసేజీ అందుకుని, నమస్కారం పెట్టి కూడా నిర్లక్ష్యం చేశాను' అని రాసి ఉంది. నిదానంగా, పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ఏడుస్తుందేమో, కాళ్ల మీద పడుతుందేమో అనుకుని అందుకు సిద్ధపడే వెళ్లాను. ఏమీ చేయలేదు.

"మూడు గంటలకు ముప్పై ఎనిమిది మంది పిల్లలు సార్. వాన. ఒకని బూటు ఊడింది, ఒక పోరి ఏడుస్తున్నది. గప్పుడే ఫోను మోగింది. నమస్తే పెట్టకపోతే మల్ల గ్రూపుల ఇజ్జత్ తీస్తరని పెట్టిన. బస్సు ఖాళీ అయినంక చదువుదమనుకున్న."

చదవకుండా నమస్కారం ఎలా పెడతావని అడిగాను. గొంతు పెంచే అడిగాను.

"మీరు నమస్తే పెట్టుమన్నరు సార్, పెట్టిన. చదివినవా అని ఎన్నడన్న అడిగిన్రా?"

ఆమె కూతురి సంచీలోంచి పెన్ను తెచ్చింది. "సంతకం పెట్టుమంటే గూడ పెడుత సార్. ఇదిగూడ నమస్తే అసుంటిదే గద" అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

బడంగ్‌పేట్‌లో మా ఇల్లు వచ్చేదాకా ఆటోలో ఒకటే ఆలోచన. ఇంటికొచ్చి ముగ్గురు ఆయాలకు ఫోన్ చేసి ఏమీ అనకుండా, భయపెట్టకుండా అడిగాను. ముగ్గురూ అదే చెప్పారు. ముందు నమస్కారం పెట్టేస్తారు, తీరిక దొరికితే చదువుతారు. అందరూ అలాగే చేస్తున్నారు. నేను మెసేజీ పంపిన ప్రతిరోజూ అలాగే జరిగింది. ఆ ఒక్కరోజు వాన పడింది, అంతే.

ఇంకో సంగతి మొన్న రాయలేదు. రాయకుండా దాటేశాను. బస్సులోంచి పాప దిగలేదని తెలిసినప్పుడు నేను చేసిన మొదటి పని పరుగెత్తడం కాదు. జ్యోతికను నా గదిలోకి తీసుకెళ్లి తెరను ఆమె వైపు తిప్పాను. చూడండమ్మా, నమస్కారం పెట్టింది చూడండి అన్నాను. బిడ్డ కనపడని తల్లికి నేను బొమ్మ చూపించాను. ఎన్ని నిమిషాలు పోయాయో తెలియదు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ముప్పై ఏళ్లు కండక్టరు పని చేసినవాణ్ణి. ఫుట్‌బోర్డు చూడకుండానే రైట్ రైట్ అన్నాను.

జులై 14, సోమవారం

రెండు పేజీల రిపోర్టు చింపేశాను. కొత్తది ఐదు లైన్లే. నోటితో చెప్పి అప్పజెప్పించుకునే పాత పద్ధతిని మాన్పించింది నేను, చదవకపోయినా నమస్కారం పెడితే చాలనే రూలు పెట్టింది నేను, బస్సు ఖాళీ అయ్యాక చదివే మనిషిని అవమానించి తొందరపెట్టింది నేను. కాబట్టి తప్పు నాది. కింద సంతకం.

మేడం రెండుసార్లు చదివి, "మీ పేరు మీరే రాసుకున్నారేంటండీ? వాళ్లు తీసేస్తే?" అన్నారు. తీసేస్తే ఇంటి దగ్గర కూర్చుంటానని చెప్పాను. నా గదికి వచ్చాక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాను.

జులై 15, మంగళవారం

తీసేయలేదు. కిష్టమ్మనూ తీసేయలేదు. నాకు మెమో ఇచ్చారు. తెల్ల కవరు, స్కూలు ముద్ర. ముప్పై నాలుగేళ్లకు మొదటిది. రోజూ మూడింటికి నేను ఆఫీసు గదిలో కనిపించకూడదని, బస్సుల దగ్గరే ఉండాలని కూడా అందులో రాశారు.

గొడుగు పట్టుకుని, చీటీ పట్టుకుని బయటికి వెళ్లాను. ఒకటో నంబర్ దగ్గర మొదలుపెట్టి పదకొండు బస్సులూ తిరిగాను. చెప్పాను, అప్పజెప్పించుకున్నాను. మోకాళ్లు పీకాయి. నాలుగో నంబర్ కిటికీలోంచి ఎవడో చీటీ తాతా అని అరిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు కానీ చాలా సంతోషమైంది. ఏడో నంబర్ దగ్గర కిష్టమ్మ మామూలుగానే అప్పజెప్పింది.

ఇంట్లో లచ్చమ్మ మెమోను చదివించుకుని వింది. "ముప్పై నాలుగేండ్లకు ఒకటొచ్చింది, పైలంగ దాచుకో" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆ పూట కూర నాకు ఇష్టమైన చింతచిగురు పప్పు.

మెమోను ఈ డైరీలోనే పెట్టుకున్నాను. ఒక మాట రాసుకోవాలి. మెమో లేని ముప్పై నాలుగేళ్ల గురించి ఊరంతా చెప్పుకున్నాను. ఈ మెమో గురించి చెప్పుకోవాలని కూడా నాకు అంతే ఉంది.

జులై 16, బుధవారం

గ్రూపును మూయలేదు. చెప్పడానికి నోరు, గుర్తుకోసం మెసేజీ, రెండూ ఉంటాయి. నమస్కారం రూలు మాత్రం తీసేశాను. బస్సుల దగ్గర తిరుగుతూ ఆ మాట కూడా పదకొండు సార్లు చెప్పాను.

బస్సులన్నీ బయల్దేరాక, మూడున్నరకు, కంప్యూటరు ముందు కూర్చున్నాను. గౌరవం నేర్పాలని అన్నది గ్రూపులోనే కాబట్టి ఇదీ గ్రూపులోనే చెప్పాలి. ఇలా పెట్టాను: 'హంసిక విషయంలో తప్పు నాది, కిష్టమ్మది కాదు. మెమో నాకు వచ్చింది. జులై 1న నేను గౌరవం గురించి రాసింది కిష్టమ్మను ఉద్దేశించే. అది కూడా తప్పే. లింగస్వామి.'

తర్వాత అలవాటు పోలేదు, తెర చూస్తూ కూర్చున్నాను. నాలుగైంది. ఒక్క నమస్కారం లేదు. నాలుగున్నర అయింది. తెర ఖాళీ. నేనే వద్దన్నాను కదా అని తెలుసు, అయినా తెర వదల్లేకపోయాను. కిటికీలోంచి చూస్తే బస్సులు ఒక్కొక్కటీ తిరిగొస్తున్నాయి. ఏడో నంబర్ వచ్చి ఆగింది. కిష్టమ్మ వెంటనే దిగలేదు. బస్సు లోపల ముందు నుంచి వెనక దాకా నడిచి, ప్రతి సీటూ వంగి చూసింది. ఆఖరి సీటు కూడా చూశాక అక్కడే కూర్చుని ఫోను తీసింది.

చాలాసేపు తల ఎత్తలేదు. అప్పుడు తెర మీద పడింది.

'చదివిన సార్.'

టైము చూశాను. ఐదింటికి ఎనిమిది నిమిషాలు తక్కువ.